ఉప్పుగాలిలో చక్రము: ద్రవపు రంగా, పొడి రంగా?

నెల్లూరు పట్టణమునకు తూర్పున సుమారు 25 కిలోమీటర్ల దూరములో మైపాడు సముద్రతీరము ఉన్నది. సెలవు దినములలో అక్కడికి వచ్చి తిరిగి వెళ్ళే కార్ల చక్రములను పరిశీలించినవారికి ఒక విషయము కనబడుతుంది. తడి ఇసుక ఆరి రాలిపోయిన తరువాత కూడ చక్రపు ఆకుల సందులలో, నట్ల చుట్టును తెల్లని పొర ఒకటి మిగులుతుంది. అది ఉప్పు. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట ఆ సందులలోనే రంగు పొక్కులుగా లేస్తుంది. పొక్కు చిట్లినచోట, చక్రము ఉక్కుదైతే ఎర్రని తుప్పు, అల్యూమినియముదైతే తెల్లని బూడిద వంటి పదార్థము బయటపడుతుంది.

అప్పుడు కారు యజమాని రంగులు వేసే షెడ్డుకు వెళతాడు. అక్కడ రెండు మార్గములు చెబుతారు. ఒకటి, ద్రవరూపములో నున్న రంగును గాలి ఒత్తిడితో తుంపరలుగా చిమ్ముట. దీనిని స్ప్రే పెయింటింగు అంటారు. రెండవది, మెత్తని పొడి రూపములో నున్న రంగును విద్యుదావేశముతో చక్రమునకు అంటించి, పొయ్యిలో కాల్చి కరగించుట. దీనిని పౌడర్ కోటింగు అంటారు. ఈ రెండింటిలో ఏది మంచిది?

చూచుటకు ఇది బేరసారములకు సంబంధించిన చిన్న ప్రశ్న. కాని దీని వెనుక రసాయన శాస్త్రము ఉన్నది, విద్యుచ్ఛాస్త్రము ఉన్నది, నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. తప్పుగా ఎన్నుకొన్నచో పోయేది డబ్బు మాత్రమే కాదు. చక్రము మనుష్యుల ప్రాణములను మోసే వస్తువు. దానికి రంగు వేసే పనివాని ఊపిరితిత్తులు కూడ ఆ ఎన్నికలో చేరియున్నవి.

ఉప్పుగాలి చేసే పని

ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండును కావలెను. ఇనుముపై నీటి పొర ఏర్పడినప్పుడు అది ఒక చిన్న విద్యుద్ఘటము వలె పనిచేస్తుంది. ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రానులను విడిచి నీటిలో కరుగుతవి. మరియొకచోట ఆ ఎలక్ట్రానులను ప్రాణవాయువు, నీరు గ్రహిస్తవి. మంచినీరు విద్యుత్తును సరిగా ప్రవహింపనీయదు గనుక ఈ ఘటము మందముగా పనిచేస్తుంది. ఉప్పునీటిలో విద్యుత్ప్రవాహము సులభము గనుక తుప్పు వేగముగా పెరుగుతుంది.

సముద్రజలములో కిలోగ్రామునకు సుమారు 35 గ్రాముల లవణములు ఉంటవి. అల విరిగినప్పుడు లేచే సూక్ష్మ బిందువులు గాలిలో కలిసి ఒడ్డుకు వస్తవి. తీరమునుండి లోపలికి పోయిన కొలదీ ఈ లవణము త్వరత్వరగా తగ్గిపోతుంది. అందువలననే తీరపు ఊరిలోని కిటికీ ఊచలు తుప్పుపట్టినంత త్వరగా, అదే జిల్లాలో మెట్ట ప్రాంతపు ఊచలు తుప్పుపట్టవు.

ఉప్పు ఎండినంత మాత్రమున అపాయము తొలగదు. గాలిలోని తేమ 75 శాతము దాటినప్పుడు వంట ఉప్పు తేమను పీల్చి తానే ద్రవముగా మారుతుంది. సముద్రపు ఉప్పులో కలిసియుండే మెగ్నీషియము క్లోరైడు అయితే 33 శాతము తేమకే నీరవుతుంది. కనుక తీరములో ఒకసారి ఉప్పు పట్టిన లోహము వాన కురియకపోయినను తడిసియున్నట్లే లెక్క.

అల్యూమినియము కథ వేరు. గాలి తగిలిన క్షణముననే దానిపై అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహమును కాపాడుతుంది. కాని ఉప్పులోని క్లోరైడు అయానులు ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తవి. రంగు పూసిన అల్యూమినియముపై రాయి తగిలి చిన్న గాటు పడినచో, అక్కడనుండి రంగు క్రిందుగా, పురుగు ప్రాకిన జాడలవలె సన్నని దారములు నలుదిక్కులకు వ్యాపిస్తవి. కారు చక్రములపై ఇట్టి జాడలు తీరవాసులకు పరిచితమే.

నెల్లూరు తీరములో ఈ ఉప్పునకు వాహనములు గురియగుట నానాటికి పెరిగినది. 1980 ల చివరినుండి రొయ్యల చెరువులు విస్తరించినవి. మంచుగడ్డలతో నింపిన పెట్టెలనుండి కారే నీరు లారీల చక్రములపై పడుతుంది. 2008 లో కృష్ణపట్నము వద్ద లోతునీటి రేవు ప్రారంభమైన తరువాత బరువు వాహనముల రాకపోకలు సముద్రపు అంచు వరకు సాగినవి. పూర్వము తెప్పలను, పడవలను మాత్రమే బాధించిన సమస్య నేడు ప్రతి చక్రమునకు సంక్రమించినది.

ఎడ్లబండి నుండి మోటారు కారు వరకు

ఎడ్లబండి చక్రమునకు ఈ చింత అంతగా లేదు. దాని ఆకులు కర్రవి. చుట్టును బిగించిన ఇనుప పట్టా నిత్యము నేలను రాచుకొనుచు తన తుప్పును తానే తుడుచుకొనేది. ఇరుసుకు కందెన ఉండేది. తీరపు పడవల చెక్కలకు మాత్రము గుగ్గిలము, నూనె కలిపి కాచి పూసేవారు. నీటిని లోపలికి రానీయని ఒక పొరను వస్తువునకు, సముద్రమునకు మధ్య నిలుపవలెనన్న భావము ఈ గుగ్గిలపు పూతలోనే ఉన్నది. నేటి రంగులలోని రెజిన్ అను పదార్థము ఆ గుగ్గిలమునకు దూరపు చుట్టము.

గుర్రపు బండ్ల కాలములో రంగు పూయుట ఒక గొప్ప కళ. నెల్లూరు మద్రాసు రాజధానిలో భాగముగా ఉన్న ఆ రోజులలో, మద్రాసులో 1840 లో స్థాపితమైన సింప్సన్ సంస్థ గుర్రపు బండ్లు తయారుచేసేది. 1903 లో ఆ సంస్థయే ఆవిరితో నడిచే కారును నిర్మించినది. కారు వచ్చినను, రంగు మాత్రము చాలకాలము బండివాని పద్ధతిలోనే పడినది. అవిసె నూనెతో చేసిన రంగును కుంచెతో పూయుట, అది గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడు వరకు ఆగుట, గరుకు రాతితో రుద్దుట, మరల పూయుట: ఈ విధముగా ఒక్క కారు పూర్తియగుటకు వారములు పట్టేవి.

అమెరికాలో హెన్రీ ఫోర్డు కార్ఖానా వేగముగా కార్లను తయారుచేయ మొదలుపెట్టగానే ఈ ఆలస్యము భరింపరానిదైనది. తారు జాతి పదార్థముతో చేసిన నల్లని ఎనామెలును పొయ్యిలో కాల్చి ఆరబెట్టుట అక్కడి ఉపాయములలో ఒకటి. 1914 నుండి 1925 వరకు ఫోర్డు ‘టి’ నమూనా కారు నల్లరంగులోనే లభించినది. కాల్చిన పూత గట్టిగా, త్వరగా సిద్ధమవుతుందన్న పాఠము అప్పుడే పరిశ్రమకు తెలిసినది. మరల నలుబది సంవత్సరములకు ఈ పాఠము వేరొక రూపములో తిరిగి రానున్నది.

వైద్యుని చేతి పరికరము

తుంపరలతో రంగు వేసే పద్ధతికి మూలము వైద్యశాలలో ఉన్నది. అమెరికాలోని టొలేడో నగరములో అలెన్ డివిల్బిస్ అను వైద్యుడు రోగుల గొంతులోనికి మందును తుంపరగా చిమ్మే చిన్న పరికరమును చేసి, 1888 లో దానిని తయారుచేసే వ్యాపారము ప్రారంభించినాడు. ఆయన కుమారుడు థామస్ అదే సూత్రముతో 1907 లో రంగులు చిమ్మే తుపాకిని రూపొందించినాడు. ఈ మధ్య కాలములో, 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శనలో విశాలమైన భవనములకు సంపీడిత వాయువుతో రంగు చిమ్మి పని ముగించినారు.

తుపాకికి తగిన రంగు 1920 లలో వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధ కాలములో ప్రేలుడు పదార్థములకు వాడిన నైట్రోసెల్యులోజ్ జాతి పదార్థము నుండి డ్యుపాంట్ సంస్థ డ్యూకో అను లాకరును తయారుచేసినది. 1924 నమూనా ఓక్లండ్ కార్లు ఈ రంగుతో వెలువడినవి. వారములు పట్టే పని గంటలలోనికి వచ్చినది. రంగురంగుల కార్లు వీధులలో కనబడినవి.

అయితే ఈ సౌకర్యమునకు ఒక మూల్యము ఉన్నది. ద్రవపు రంగును పలుచగా చేయుటకు కలిపే థిన్నరు లోహముపై నిలువదు; గాలిలో కలిసిపోతుంది. సాధారణ తుపాకితో చిమ్మిన రంగులో సగమునకు మించి వస్తువును చేరకయే వృథా అవుతుంది. అట్లు పోయిన ద్రావణులు ఎండలో ఇతర వాయువులతో కలిసి నగరములపై పొగమంచును కలిగిస్తవని గుర్తించి, 1966 లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతపు అధికారులు వాటిపై కట్టుబాటు విధించినారు. ద్రావణి లేని రంగు కావలెనన్న కోరికకు ఇది బలమునిచ్చినది.

పొడి రంగు పుట్టుక

ద్రావణి లేకుండ రంగు పూయవచ్చునా? ఆంధ్రదేశములో ఈ ప్రశ్నకు జవాబు ఏటికొప్పాకలో ఎప్పుడో ఉన్నది. అక్కడి లక్కబొమ్మల పనివారు తిరుగుచున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపట్టుకొంటారు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొని, చల్లారగానే మెరిసే పొరగా గట్టిపడుతుంది. ఇందులో నూనె లేదు, థిన్నరు లేదు. ఘనపదార్థము కరగి, ఘనపదార్థముగానే నిలిచినది.

పొడి రంగు సూత్రము ఇదియే. 1950 లలో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అను శాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో ప్లాస్టిక్ పొడిని పోసి, అడుగునుండి గాలిని పంపినాడు. పొడి పొంగి, కాగుచున్న ద్రవమువలె కదలినది. కాల్చిన లోహవస్తువును అందులో ముంచగా, తగిలిన పొడి కరగి పూతగా ఏర్పడినది. కాని ఆ పూత మిక్కిలి మందము. అలంకారపు పనులకు తగినది కాదు.

పలుచని పూతకు దారి చూపినది స్థిర విద్యుత్తు. ప్లాస్టిక్ దువ్వెనను తలపై రుద్ది కాగితపు ముక్కల దగ్గరకు తెచ్చినచో అవి ఎగిరి అంటుకొనుట విద్యార్థులు ఎరిగినదే. అమెరికాలో హెరాల్డ్ రాన్స్‌బర్గ్ ఈ ఆకర్షణను ద్రవపు రంగు తుంపరలకు ముందే అన్వయించియున్నాడు. 1960 లలో దానిని పొడికి అన్వయించినారు. రెజిన్, దానిని గట్టిపరచే పదార్థము, వర్ణకము కలిపి కరగించి, చల్లార్చి, సన్నగా విసరి పొడి చేస్తారు. తుపాకి మొనవద్ద పదివేల వోల్టుల లెక్కలో నుండే విద్యుత్పీడనము రేణువులకు ఆవేశమునిస్తుంది. భూమికి కలిపిన చక్రము వాటిని ఆకర్షిస్తుంది. తరువాత చక్రమును 180 నుండి 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల పొయ్యిలో పది, ఇరువది నిమిషములు ఉంచుతారు. పొడి కరగి ప్రవహించి, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, మరల కరగని పొరగా మారుతుంది. చక్రమునకు అంటక క్రిందపడిన పొడిని ప్రోగుచేసి తిరిగి వాడవచ్చును.

ఇదే దశకములో వేరొక మార్గము కూడ తెరచుకొన్నది. ఫోర్డు సంస్థలో జార్జి బ్రూవర్ అను రసాయనవేత్త, నీటిలో కలిసిన రంగు తొట్టిలో లోహమును ముంచి విద్యుత్తును పంపి, రంగును మూలమూలలకు చేర్చే పద్ధతిని అభివృద్ధిచేసినాడు. 1961 లో అది మొదట కార్ల చక్రములపైననే ప్రయోగింపబడి, తరువాత కారు శరీరములకు విస్తరించినది. ఉక్కు చక్రములకు అడుగుపూతగా ఈ పద్ధతి నేటికిని విరివిగా వాడుకలో ఉన్నది.

గూడూరు అభ్రకము

పూతల చరిత్రలో నెల్లూరు సీమకు తనదైన స్థానము ఒకటి ఉన్నది. పూర్వపు నెల్లూరు జిల్లాలోని గూడూరు, సైదాపురము, రాపూరు ప్రాంతములలో పందొమ్మిదవ శతాబ్దము చివరినుండి అభ్రకపు గనులు నడచినవి. ఆకుపచ్చ ఛాయగల ఇక్కడి అభ్రకము పేరుపొందినది. పెద్ద రేకులను విద్యుత్పరికరములలో, రేడియో వాల్వులలో వాడేవారు. ట్రాన్సిస్టర్లు, కృత్రిమ పదార్థములు వచ్చిన తరువాత ఆ గిరాకి పడిపోయినది.

అయితే అభ్రకపు తునకలను పొడిచేసి రంగులలో కలుపుట మానలేదు. కారణము దాని ఆకృతి. అభ్రకము ఎంత నలిగినను రేకులుగానే ఉంటుంది. పూతలో ఈ రేకులు ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై ఒకటి పరచుకొంటవి. ఉప్పునీరు లోహమును చేరవలెనన్నచో ఈ రేకులన్నింటి చుట్టు తిరిగి తిరిగి పోవలెను. దారి పొడవగుటచే ఆలస్యమవుతుంది. అంతియే కాదు. 1963 లో డ్యుపాంట్ సంస్థ అభ్రకపు రేకులపై టైటానియము డయాక్సైడు పలుచని పొరను పూసి ముత్యపు కాంతినిచ్చే వర్ణకములకు పేటెంట్లు పొందినది. కార్లపై, చక్రములపై కనబడే ముత్యపు మెరుపునకు ఇట్టి రేకులపై కాంతికిరణములు పరస్పరము కలిసి బలపడుట, క్షీణించుట కారణము. ద్రవపు రంగులోను, పొడి రంగులోను అభ్రకమునకు పని ఉన్నది.

రెండింటి బేరీజు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. పొడి పూత సాధారణముగా 60 నుండి 80 మైక్రానుల మందము ఒక్కసారిలోనే వస్తుంది. ద్రవపు రంగు ఒక్క పూతకు 20, 30 మైక్రానులే వస్తుంది. రెండు మూడు పూతలు కావలెను. కంకర దెబ్బలను మందమైన పొడి పూత బాగుగా తట్టుకొంటుంది. తీరపు రోడ్లపై తిరిగే లారీకి, జీపుకు ఇది గొప్ప గుణము.

కాని మందము అంతట సమముగా వచ్చునా? 1836 లో మైకేల్ ఫారడే లోహపు పంజరము లోపల విద్యుత్‌క్షేత్రము ఉండదని ప్రయోగపూర్వకముగా చూపినాడు. చక్రపు ఆకుల మధ్యనున్న లోతైన సందులు ఇట్టి పంజరములవలె ప్రవర్తిస్తవి. ఆవేశముగల రేణువులు అంచులకు మూగుతవి, మూలలకు చేరవు. ఉప్పు నిలిచేది సరిగా ఆ మూలలలోనే! నేర్పుగల పనివాడు వోల్టులను తగ్గించి, మొదట సందులను నింపి, తరువాత అంచులకు వస్తాడు. ద్రవపు తుంపర గాలి తోపుతో పోతుంది గనుక సందులలోనికి చేరుట దానికి కొంత తేలిక.

ఎండ విషయము కూడ చూడవలెను. ఎపాక్సీ జాతి పొడి లోహమును గట్టిగా పట్టుకొంటుంది. ఉప్పును బాగుగా ఆపుతుంది. కాని అతినీలలోహిత కిరణములకు పైభాగము సుద్దవలె పొడిపొడియవుతుంది. పాలియెస్టరు జాతి పొడి ఎండను తట్టుకొంటుంది. కనుక క్రింద ఎపాక్సీ, పైన పాలియెస్టరు లేదా పారదర్శకమైన ఆక్రిలిక్ పూత వేయుట ఉచితము. ‘పౌడర్ కోటింగు’ అన్న ఒక్క మాట చాలదు. ఏ పొడి అని అడుగవలెను.

మరమ్మతులో ద్రవపు రంగుదే పైచేయి. గాటు పడినచోట మాత్రమే రుద్ది, లప్పము పెట్టి, రంగు చిమ్మి సరిచేయవచ్చును. పొడి పూతకు గాటు పడితే సాధారణముగా చక్రమంతయు ఒలిచి మరల కాల్చవలెను. పరికరముల విషయములోను తేడా కలదు. ద్రవపు రంగుకు కంప్రెసరు, తుపాకి, గాలి శుభ్రపరచే గది చాలును. పొడికి విద్యుత్పరికరము, పెద్ద పొయ్యి కావలెను. అందువలన చిన్న ఊరి షెడ్డులలో మొదటిదే ఎక్కువగా కనబడుతుంది.

ఇక చక్రములు తయారుచేసే కార్ఖానాలు ఏమి చేస్తున్నవి? చాలచోట్ల అల్యూమినియము చక్రమునకు అడుగున పొడి పూత, దానిపై ద్రవపు రంగు, ఆ పైన పారదర్శకమైన పూత వేస్తున్నారు. అడుగుపూత మందముగా ఉండి లోహపు గరుకుదనమును కప్పుతుంది. ద్రవపు పొర మెరుపునిస్తుంది. పైపూత ఎండను, నీటిని ఆపుతుంది. బజారులో పోటీపడుచున్న రెండు పద్ధతులు కార్ఖానాలో ఒకే చక్రముపై కలిసి పనిచేస్తున్నవి.

కళాయి చెప్పే పాఠము

ఇంతకు మించిన విషయము ఇంకొకటి ఉన్నది. వీధులలో ఇత్తడి పాత్రలకు కళాయి వేసే పనివాని పద్ధతి జ్ఞాపకము చేసికొనవలెను. అతడు మొదట పాత్రను రుద్ది తోముతాడు. తరువాత కాల్చి, నవాసారము చల్లి, లోహముపైనున్న మలిన పొరను పోగొడతాడు. ఆ పిమ్మటనే తగరము తగిలిస్తాడు. నవాసారము లేనిదే తగరము నిలువదు.

చక్రము సంగతి కూడ అంతే. పాత తుప్పు, నూనె, ఉప్పు ఉన్న లోహముపై ఎంత ఖరీదైన పూత వేసినను అది కొద్దికాలమునకే లేచిపోతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెట్టింపునకు పైగా చోటును ఆక్రమిస్తుంది. క్రిందనుండి పూతను పైకి నెట్టుతుంది. మందమైన పూత అయినచో లోపలి చెడుగు చాలకాలము కంటికి కనబడకుండ సాగుతుంది. 1906 లో ఇంగ్లండులో థామస్ కాస్లెట్ ఇనుమును ఫాస్ఫారికామ్ల ద్రావణములో ఉంచి, రంగును పట్టుకొనే పొరను దానిపై కల్పించే పద్ధతికి పేటెంటు పొందినాడు. ఉక్కుకు నేటికిని ఈ ఫాస్ఫేటు పొరయే పునాది. అల్యూమినియమునకు పూర్వము క్రోమేటు వాడేవారు. అందులోని క్రోమియము రూపము కాన్సరు కలిగించునని తెలిసిన తరువాత జిర్కోనియము, టైటానియము లవణములు దాని స్థానములోనికి వస్తున్నవి.

పాత రంగును ఒలుచుటకు గాలితో ఇసుక చిమ్ముట ఒక పద్ధతి. తీరములో ఇసుకకు కొదువలేదు గనుక దానినే వాడవచ్చునని తోచవచ్చును. అది రెండు విధముల తప్పు. సముద్రపు ఇసుకలోని ఉప్పు లోహపు గరుకులలో ఇరుక్కొని, పూత క్రింద తుప్పుకు విత్తనమవుతుంది. నలిగిన ఇసుక ధూళి పనివాని ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను నయముకాని వ్యాధిని కలిగిస్తుంది. ఇసుకకు బదులు అల్యూమినియము ఆక్సైడు వంటి రేణువులను మూసిన గదిలో వాడుట క్షేమము.

ప్రాణములతో ముడిపడిన మూడు మాటలు

మొదటిది నట్ల సంగతి. నట్టు కూర్చొనే చోట, చక్రము ఇరుసు పళ్ళెమునకు ఆనేచోట మందమైన పూత ఉండరాదు. బిగించిన నట్టు క్రింద పూత క్రమముగా నలిగి పలుచబడినచో బిగువు తగ్గి నట్టు వదులవుతుంది. చక్రము ఊడిపోయే ప్రమాదము కలదు. అందువలన పొడి వేయుటకు ముందు ఆ చోట్లను మూసివేస్తారు. చక్రములు తిరిగి బిగించిన తరువాత కొంతదూరము నడిపి, నట్లను మరల సరిచూడవలెను.

రెండవది వేడి. అల్యూమినియము చక్రము బలము కేవలము లోహమువలన వచ్చినది కాదు. దానిని సుమారు 540 డిగ్రీలకు కాచి, హఠాత్తుగా చల్లార్చి, తరువాత 150 డిగ్రీల ప్రాంతములో గంటల తరబడి ఉంచి బలము కల్పిస్తారు. పొడిని సరియైన వేడిలో, సరియైన కాలము మాత్రమే కాల్చినచో చిక్కు లేదు. కాని పాత పూతను మంటతో గాని, 350, 400 డిగ్రీల పొయ్యిలో గాని కాల్చి పోగొట్టినచో ఆ బలము క్షీణిస్తుంది. చూపునకు చక్రము క్రొత్తదానివలెనే మెరుస్తుంది. గోతిలో పడినప్పుడే తెలుస్తుంది. అల్యూమినియము చక్రపు రంగును రసాయనములతో గాని, మృదువైన రేణువులతో గాని ఒలుచుట మేలు. ఒలిచిన తరువాత పగుళ్ళు ఉన్నవేమో చూచి గాని క్రొత్త పూత వేయరాదు.

మూడవది పనివాని శ్వాస. రెండు పాత్రలనుండి కలిపి వాడే పాలియురెథేను రంగులు గట్టివి, మెరుపుగలవి. వాటిలోని ఐసోసయనేటులు పీల్చినవారికి ఉబ్బసము రావచ్చును. ఒకసారి ఒంటికి పడనిదైన తరువాత కొద్దిపాటి తాకిడి కూడ ప్రమాదమే. ముక్కుకు కట్టిన చేతిరుమాలు ఈ ఆవిరిని ఆపలేదు. వేరుచోటనుండి శుభ్రమైన గాలినిచ్చే ముసుగు, గాలిని బయటకు లాగే గది ఉండవలెను. పొడి రంగులో ద్రావణి బెడద దాదాపు లేదు. కాని ధూళి ఉన్నది. గాలిలో అధికముగా చేరిన పొడి నిప్పురవ్వకు ప్రేలగలదు గనుక, అక్కడను ముసుగు, గాలి ప్రసారము, భూమికి సరియైన విద్యుత్‌సంబంధము తప్పనిసరి.

ఎన్నిక ఎట్లు?

పై విషయములను కలిపి చూచినచో సమాధానము స్పష్టమవుతుంది. నిత్యము ఉప్పునీటిలో, కంకరలో తిరిగే ఉక్కు చక్రమునకు, శుభ్రపరచి ఫాస్ఫేటు వేసిన పిమ్మట, ఎపాక్సీ అడుగుపూతపై పాలియెస్టరు పొడి తగినది. అల్యూమినియము చక్రమునకు కూడ పొడి వేయవచ్చును. అయితే పొయ్యి వేడిని కొలిచే సాధనము ఉన్న షెడ్డులోనే వేయించవలెను. చిన్న గాట్ల మరమ్మతుకు, ప్రత్యేకమైన ఛాయలకు, కాల్చుటకు వీలులేని చక్రములకు ద్రవపు రంగు మేలు; అయితే పనివానికి రక్షణ ఉన్నచోటనే. ఏ పూత వేయించినను తీరమునుండి వచ్చిన పిమ్మట మంచినీటితో చక్రముల సందులను కడుగుట మరువరాదు. ఇంతకంటె చవకయైన రక్షణ మరియొకటి లేదు.

పాఠశాలలో ఈ విషయమును సులభముగా పరీక్షింపవచ్చును. ఒకే కొలతగల నాలుగు ఇనుప రేకులను తీసికొనవలెను. రెండింటిని గరుకు కాగితముతో రుద్ది, సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. బాగుగా శుభ్రమైన రేకుపై నీరు ఎడతెగని పొరగా నిలుస్తుంది. జిడ్డు ఉన్నచో బొట్లుబొట్లుగా విడిపోతుంది. మిగిలిన రెండు రేకులకు కొద్దిగా నూనె, ఉప్పునీరు రాచి ఆరనీయవలెను. నాలుగింటికి ఒకే రంగు వేసి, అది పూర్తిగా ఎండిన తరువాత మేకుతో లోహము కనబడునట్లు అడ్డముగా రెండు గీతలు గీయవలెను. ప్రతి జతలో ఒకదానిపై దినమునకు రెండుసార్లు ఉప్పునీటిని, రెండవదానిపై మంచినీటిని చిలుకరించి, రెండు వారములపాటు చూచి వ్రాసికొనవలెను. 1939 నుండి ప్రమాణముగా నున్న లవణతుంపర పరీక్షలోను, 35 డిగ్రీల వేడిలో 5 శాతము ఉప్పునీటి తుంపరతో పూతలను ఇట్లే శోధిస్తారు.

నాలుగు రేకులకు రంగు ఒక్కటే. ఫలితము మాత్రము ఒక్కటి కాదు. ఏ రేకుపై తుప్పు గీత దాటి పూత క్రిందుగా ఎంత దూరము ప్రాకినదో విద్యార్థులు కొలబద్దతో కొలిచినప్పుడు, పొడియా ద్రవమా అని అడుగుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఏదో వారికే తెలుస్తుంది.